కోదాడకు వచ్చిన ఓడ పురుగు

ఇరవై ఎనిమిదేళ్లు నేను ఓడ పురుగు పాఠం చెప్పాను. సముద్రాన్ని మాత్రం జీవితంలో రెండుసార్లే చూశాను. ఎమ్మెస్సీలో ఉండగా కాలేజీ వాళ్లు విశాఖపట్నం తీసుకెళ్లినప్పుడు ఒకసారి, పెళ్లయిన కొత్తలో ఇంకోసారి. రెండోసారి నా ధ్యాసంతా ఒడ్డున విడిచిన చెప్పుల మీదే. అలాంటి మనిషిని, నీళ్లంటే సాగర్ కాలువ నీళ్లే అనుకునే పిల్లలకు, ఓడల అడుగు చెక్కను తొలిచే జీవి గురించి ఏమాత్రం తడుముకోకుండా చెప్పేదాన్ని.

ఈమధ్య కొత్తగా లెక్చరర్లయిన పిల్లలు నలుగురు సూర్యాపేటలో మా ఇంటికి వచ్చారు. మీ సర్వీసులో మరిచిపోలేని రోజు గురించి చెప్పండి మేడం అన్నారు. ఏ సన్మానం సంగతో చెబుతానని వాళ్లు ఆశపడ్డట్టున్నారు. నేను నా పరువు పోయిన రోజు గురించి చెప్పాను. టీ చల్లారిపోయినా కప్పులు ముట్టుకోకుండా విన్నారు. పోతూ పోతూ, ఇది రాసి పెట్టండి మేడం, మాకు పనికొస్తుంది అన్నారు. పనికొస్తుందో లేదో గానీ రాస్తున్నాను. రాయడం నాకూ అవసరమే. ఒక మనిషికి చెప్పవలసిన కృతజ్ఞత నోటితో చెప్పాను గానీ కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు.

జంతుశాస్త్రం చదవనివాళ్ల కోసం రెండు మాటలు. పేరుకు పురుగే గానీ అది పురుగు కాదు, ఆల్చిప్పకు దగ్గరి చుట్టం. ఒళ్లు మెత్తగా, పొడుగ్గా, వానపాములా ఉంటుంది. తల దగ్గర చిటికెన వేలి గోరంత గుల్లలు రెండు. ఆ గుల్లలతోనే చెక్కను గీరుకుంటూ లోపలికి పోతుంది. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది మొన పట్టేంత రంధ్రం చేసుకుని దూరుతుంది, లోపలే పెరుగుతుంది, మళ్లీ బయటికి రాదు. తొలిచిన దారి పొడుగునా సున్నం పూత పూసుకుంటుంది. పైనుంచి చూస్తే చెక్క నిక్షేపంగా ఉంటుంది, లోపల డొల్ల. ఉప్పునీళ్లు లేకపోతే బతకదు. పరీక్షలో దీనికి వచ్చేది ఒక్క మార్కు.

ఆ ఒక్క మార్కు కోసం నేను పడిన తాపత్రయం ఇంతా అంతా కాదు. బోర్డు మీద దాని బొమ్మ ఒక్క నిమిషంలో వేసేదాన్ని. గుల్లలు చిన్నవిగా, ఒళ్లు వంపు తిరిగి, తోక దగ్గర నీళ్లు పీల్చే గొట్టాలు రెండు. భాగాల పేర్లు కుడివైపే రాయాలి, గీతలు స్కేలుతో గీయాలి, ఒకదాన్ని ఒకటి కోసుకోకూడదు. గీత వంకర పోతే అర మార్కు కోసేదాన్ని. పిల్లలు నాకు "స్కేలు మేడం" అని పేరు పెట్టారని నాకు తెలుసు. తెలిసి కూడా లోలోపల గర్వపడ్డాను.

ఇది నేను కోదాడ కాలేజీలో పనిచేస్తున్నప్పటి సంగతి. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మా ల్యాబులో బల్లలు ఎంత పాతవంటే, కప్పను కోయడానికి పెట్టిన ట్రే వాటంతట అదే ఒక మూలకు జారిపోయేది. చివరికి ఆరు కొత్త బల్లలకు అనుమతి వచ్చింది. ఊళ్లోనే ఉన్న ఒక వడ్ల మేస్త్రికి, అంటే వడ్రంగికి, పని ఇచ్చారు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. కొలతలు తీసుకోవడానికి వచ్చినప్పుడు టేపు తీయడానికి ముందు నన్ను బల్ల దగ్గర నిలబడమన్నాడు, వంగి పనిచేస్తున్నట్టు చెయ్యి పెట్టమన్నాడు, మోచేతి ఎత్తు చూసుకున్నాడు. పిల్లలు పొట్టివాళ్లు కదా, ఇంకో రెండు వేళ్లు తగ్గిస్తానన్నాడు. ఇన్నేళ్లలో మా ల్యాబు సామాను ఎవరికోసమో అడిగినవాడు ఆయన ఒక్కడే.

టేకు అందుబాటులో లేదు. ఓడల్లో వచ్చే విదేశీ కర్రతో చేస్తానంటే మేం ముగ్గురం సరేనన్నాం. ముగ్గురమంటే మా ప్రిన్సిపాల్ గారు, బాటనీ సారు, నేను. ప్రిన్సిపాల్ గారు కెమిస్ట్రీ మనిషి, ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా మూడుసార్లు చదివి నాలుగోసారి పక్కన పెట్టేవారు. బాటనీ సారు ఆయనకు పూర్తిగా ఎదురు, చదవకుండా పెట్టేవారు. వాళ్లిద్దరి మధ్య నేను, అన్నీ తెలిసినదాన్ని.

బల్లలు వచ్చిన రోజు నేను ల్యాబులో పేపర్లు దిద్దుకుంటున్నాను. మేస్త్రి ఒక్కో బల్లనూ దించి, కుదురు చూసి, నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"మేడం, ఒక్క మాట. కిందిదిక్కు అడ్డపట్టెలల్ల రెంటికి పొక్కలుంటయి. సముద్రం పురుగు పొక్కలవి. కాళ్లకు వాడలేదు, బరువు మోసేటియి కావు గనక పట్టెలకే వాడిన. పురుగు ఎప్పుడో సచ్చింది, పరేషాన్ గావద్దు."

నేను పేపరు మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చాను. "పురుగు చచ్చిందో బతికిందో చెప్పేది నేను మేస్త్రీ. మీరు బల్ల ఊగకుండా చూడండి చాలు."

పక్కనే ఉన్న బాటనీ సారు నవ్వారు. నేనూ నవ్వాను. మేస్త్రి తల ఊపి వెళ్లిపోయాడు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎందుకంటే నేను అప్పుడు దిద్దుతున్న పేపర్లలోనే ఒక మార్కు ప్రశ్న ఉంది, చెక్కను తొలిచే మొలస్కా జీవిని పేర్కొనుము అని. నా ఎర్ర పెన్ను దాని మీదే ఉండి ఉంటుంది.

మీరు అడగవచ్చు, సముద్రం పురుగు అని ఆయన తెలుగులో విడమరిచి చెప్పాక కూడా తట్టలేదా అని. తట్టలేదు. ఓడ పురుగు నా దృష్టిలో ఓడల్లో ఉంటుంది, రేవుల్లో ఉంటుంది, పుస్తకంలో ఉంటుంది. కోదాడలో ఉండదు. అమ్మేవాళ్లు సరుకులో లోపం ఉంటే ఏదో ఒక కథ చెబుతారని కూడా మనసులో ఉంది. మా నాయన గొర్రెలు కాసినవాడు. పెద్దవూర దగ్గర మా ఊరి నుంచి సంతకు ఆయన వెంట పోయినదాన్ని, బేరగాళ్ల కథలు నాకు కొత్తా అనుకున్నాను. మా నాయన ఆ కథలు విని నవ్వి ఊరుకునేవాడు కాదని, గొర్రె నోరు తెరిచి పళ్లు చూసేవాడని, కంటి రెప్ప దించి ఎరుపు చూసేవాడని ఆ పూట గుర్తు రాలేదు.

నెలన్నర గడిచింది. ఒకరోజు ప్రాక్టికల్స్ అయ్యాక చివరి బల్ల కింద నేల మీద పిండిలాంటి సన్నటి పొడి కనబడింది. మర్నాడూ కనబడింది. వంగి చూస్తే బల్ల అడుగున పట్టెకు రంధ్రాలు, మేస్త్రి చెప్పిన పొక్కలు. పొక్కలున్నాయి, పొడి ఉంది, ఇంకేం కావాలి? ఆ గోడకే మా పాత నమూనాల బీరువా, అవతలి గదిలో లైబ్రరీ.  గంటలో రిపోర్టు రాసేశాను. కలపలో చెక్క తొలిచే పురుగు సజీవంగా ఉందని, లైబ్రరీకి పాకే ప్రమాదం ఉందని, సరఫరా చేసినవారు లోపం తెలిసీ వాడారని. కింద సంతకం, సంతకం కింద నా డిగ్రీలు. ప్రిన్సిపాల్ గారు ఈసారి ఒక్కసారే చదివారు. జంతుశాస్త్రం మనిషి జంతువు ఉందంటే ఆయనేం అంటారు?

బల్లలు వరండాలోకి వచ్చేశాయి. వరండాలో పెట్టిన బల్లలు ఊరంతటికీ కనబడతాయి. ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లు, సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు ఎందుకని అడిగారు, మావాళ్లు చెప్పారు. వారం తిరిగేసరికి ఆయన పేరు పోయి "పురుగు కర్ర మేస్త్రి" అయింది. అప్పటికే ఆయన నడిగూడెం దిక్కు ఒక పల్లెలో కొత్తగా కట్టుకుంటున్న చర్చికి తలుపులు చేయడానికి ఒప్పుకుని ఉన్నాడు. అక్కడి కూలి జనం ఏళ్ల తరబడి కూడబెట్టి కట్టుకుంటున్న గుడి. వాళ్ల పెద్దలు కబురు పంపారట, జర ఆగమని. ఇది నాకు అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే రాసేదాన్ని కాదా అంటే, రాసేదాన్నేమో. నాకు అంత నమ్మకం నా మీద.

తర్వాత రెండు రోజులకు మేస్త్రి వచ్చాడు. గొడవకు వచ్చాడేమోనని అటెండరు కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన గొడవ పడలేదు. వరండాలో ఉన్న బల్లను ఒకసారి చేత్తో నిమిరి, లోపలికి వచ్చి, నిలబడే అడిగాడు.

"మేడం, మీరు పురుగును సూశిన్రా?"

పొడి చూశానన్నాను. పొక్కలు చూశానన్నాను.

"అవి నేను గూడ సూపిచ్చిన గదా. పురుగును సూశిన్రా అంటున్న."

రిపోర్టు పైకి వెళ్లిపోయిందని, ఇప్పుడు నా చేతిలో లేదని ఏదో అన్నాను. వయసులో ఉండగా బందరు దగ్గర పడవలు చేసే చోట రెండేళ్లు పనిచేశానని ఆయన చెప్పాడు. ఆ పురుగు పట్టిన పడవను మంచినీళ్లలోకి తెచ్చి కొన్నాళ్లు ఉంచితే పురుగు చచ్చేదట, ఎండు కర్రలో అది ఒక్క పూట కూడా నిలవదట. పట్టె కోసి చూపిస్తాను, అనుమతి ఇవ్వండని అడిగాడు. నేను ఇవ్వలేదు. ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బస్సు మునగాల దాటేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పురుగును చూశానా? చూడలేదు. మా ఊళ్లో ఎవరో గొర్రెకు రోగమని గోల పెడితే మా నాయన, "చెయ్యి పెట్టి సూడకముందే పేరు పెడ్తవేందిరా" అనేవాడు. ఆయన చెయ్యి పెట్టి చూసేవాడు. బడి మొహం ఎరగని ఆ మనిషి కూతుర్ని నేను. స్కేలు పెట్టి గీతలు కొలిచిన దాన్ని, ఒక మనిషి బతుకు మీద గీత కొట్టేటప్పుడు కనీసం నేల మీద కూర్చుని చూడలేదు. ఆ బస్సులో నాకు ఏడుపొచ్చింది. పక్క సీటావిడ దవాఖాన నుంచి వస్తున్నారా అని అడిగింది.

మర్నాడు పొద్దున్నే మేస్త్రికి నేనే ఫోన్ చేశాను, రంపం తీసుకుని రమ్మన్నాను. ప్రిన్సిపాల్ గారు వద్దన్నారు. ప్రభుత్వ సామానును కోయడమేమిటని ఆయన భయం. కోసేది నా మాట మీద, రాసుకోండి అన్నాను. ఆయన నిజంగానే రాసుకున్నారు.

పిల్లలు చుట్టూ మూగి చూస్తుండగా వరండాలో బల్లను బోర్లించారు. మేస్త్రి మేకులు తీసి అడ్డపట్టెను ఊడదీశాడు. పొక్కల దగ్గర జానెడు ముక్క కోసి, ఉలి పెట్టి నిలువునా రెండుగా చీల్చాడు. ఒక సగం నా చేతిలో పెట్టాడు.

చెక్క లోపల వేలు పట్టేంత దారులు, పక్కపక్కనే, ఒకదాన్ని ఒకటి ఎక్కడా కోసుకోకుండా. ప్రతి దారికీ లోపల తెల్లటి పూత, పండక్కి గోడకు వేసినట్టు నున్నగా. పిండి లేదు, పొడి లేదు. ఒక దారి చెక్క మధ్యలోనే ఆగిపోయింది. మేస్త్రి ఆ కొస దగ్గర ఉలితో మెల్లగా తట్టాడు. నా అరచేతిలో రెండు చిన్న గుల్లలు రాలాయి. మురికి తెలుపు, అంచున రంపం పళ్లలాంటి సన్నటి గీతలు.

నేను ఇరవై ఏళ్లకు పైగా బోర్డు మీద వేస్తూ వచ్చిన గుల్లలు అవే. నేను వేసేది కొంచెం గుండ్రంగా ఉండేది, తప్పు.  వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. దేవుడు ఎదురొచ్చినా అంత కంగారు పడేదాన్ని కాదేమో. ఇంతకాలం దాని గురించి చెప్పి, అది గుమ్మంలోకి వస్తే పోల్చుకోలేకపోయాను. పైగా తెచ్చిన మనిషిని దొంగను చేశాను.

ప్రిన్సిపాల్ గారు లోపలికి వెళ్లి ఆసిడ్ సీసా, డ్రాపరు తెచ్చారు. తెల్ల పూత మీద ఒక్క చుక్క వేశారు. బుసబుసమని నురగ వచ్చింది. "సున్నమే మేడం" అన్నారు, పాపం నన్ను ఓదారుస్తున్నట్టు.

అయితే పొడి ఎక్కడిది? దానికి జవాబు అటెండరు చెప్పాడు. అప్పటికి ఆయన రిటైరవడానికి ఇంకో ఏడాదే ఉంది, ఆ ల్యాబును నాకన్నా ముందు నుంచి ఊడుస్తున్నాడు. మా పాత నమూనాల బీరువా దగ్గరికి వెళ్లి అడుగు చెక్కను చేత్తో చరిచాడు. జలజలా పొడి రాలింది. ఆ బీరువా సరిగ్గా చివరి బల్లను ఆనుకుని ఉంది.

"బల్లలు రాకముందు సంది ఈ పొడి నేను ఊడుస్తనే ఉన్న మేడం. మీరు నన్ను అడగలే."

పురుగు పట్టింది నా బీరువాకే. అందులో అట్టపెట్టెల్లో సూదులు గుచ్చి, పేర్లు రాసి, వరుసగా పెట్టుకున్న నా కీటకాల నమూనాలు ఉన్నాయి. బాటనీ సారు నవ్వు ఆపుకోలేక క్లాసుందని వెళ్లిపోయారు. ఆయనకు ఆ గంట క్లాసు లేదు.

అసలు తప్పు ఇంతవరకు చెప్పింది కాదు. అది ఆ మధ్యాహ్నం జరిగింది. రిపోర్టు మార్చి రాయాలి. ఒకే మనిషి, ఒకే బల్ల మీద, ఇలా ఒకసారి అలా ఒకసారి రాస్తే పైవాళ్లు ఏమనుకుంటారని ప్రిన్సిపాల్ గారు నసిగారు. క్లాసని వెళ్లి తిరిగొచ్చిన బాటనీ సారు ఒక దారి చూపించారు. మందు కొట్టించామని, పురుగు పూర్తిగా పోయిందని, ఇక వాడుకోవచ్చని రాయండి మేడం, ఎవరికీ నష్టం లేదు అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అలాగే రాశాను, మంచి ఇంగ్లీషులో. మేస్త్రిని పిలిచి, మీ బల్లలు లోపలికి పోతున్నాయి, సంతోషమేనా అన్నాను.

ఆయన కాగితం తీసుకుని అటూ ఇటూ చూసి నా చేతికే ఇచ్చాడు. తెలుగులో చదివి చెప్పమన్నాడు. చదివాను. 

"మందు ఎప్పుడు గొట్టిన్రు మేడం?"

కోపం లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. మందు కొట్టామంటే పురుగు ఉండిందనేగా అర్థం. నా పరువు దక్కించుకోవడానికి ఆయన కర్రలో ఇంకోసారి పురుగు పెట్టాను, ఈసారి తెలిసి పెట్టాను. నా ముందున్న మనిషి నా తప్పును పిల్లల ముందు కూడా ఎత్తి చూపలేదు, నా చేతిలో గుల్లలు పెట్టి పక్కకు జరిగాడు. ఆ కాగితం అక్కడే చింపేశాను. ఇంకోటి రాశాను, తెలుగులో. నేను చూడకుండా రాశాననీ, కలపలో ఉన్నది ఎప్పుడో చనిపోయిన సముద్రజీవి గూడనీ, అది వ్యాపించదనీ, పొడి నా బీరువాదనీ, మేస్త్రి ఈ సంగతి ముందే చెప్పాడనీ, నేను వినలేదనీ. ప్రిన్సిపాల్ గారు మూడుసార్లు చదివారు. నాలుగోసారి పక్కన పెట్టకుండా సంతకం పెట్టారు. ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది ఆ క్షణం నుంచే.

బల్లలు లోపలికి వచ్చాయి. కానీ చర్చివాళ్ల దగ్గర నుంచి కబురు రాలేదు. మేస్త్రి అడగలేదు, అటెండరు చెబితే నాకు తెలిసింది. వచ్చిన ఆదివారం చెక్క ముక్కను సంచిలో వేసుకుని, కాగితం నకలు పెట్టుకుని, మేస్త్రి వెంట ఆ పల్లెకు వెళ్లాను.

ప్రార్థన అయిపోతోంది. గోడలు లేచాయి, తలుపుల చోట పరదా కట్టి ఉంది. వాళ్లలో పెద్ద ఒక ముసలావిడ, నాట్లు వేసి వేసి నడుం వంగిన మనిషి. నేను చెక్క ముక్క ఆమె చేతికిచ్చి, జరిగింది మొత్తం చెప్పాను. ఆమె ముక్కను తిప్పి చూసింది. తెల్లపూతను గోటితో గీకింది. నువ్వు ఈ పురుగుల చదువే చదివినవా బిడ్డా అని అడిగింది. అవునన్నాను. ఎన్నేండ్లు చదివినవ్ అంది. చెప్పాను. ముక్క మీంచి కళ్లెత్తి నా మొహం చూసింది. ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ నేను అంత ఇబ్బంది పడలేదు.

తర్వాత అంది, "తప్పు కాయితం ఊరూరు తిరిగింది. ఒప్పు కాయితం నీ సంచిలనే ఉంటే ఎట్ల? అందరికి ఇనబడేటట్టు నువ్వే సదువు."

చాపల మీద కూర్చున్న నూరు మంది ముందు నిలబడి చదివాను. రోజూ క్లాసులో అరిచే గొంతు ఆ రోజు సగం వాక్యాల్లో ఆగిపోయింది. "నేను చూడకుండా రాశాను" అన్న చోట మరీ. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నిందించలేదు. ముసలావిడ మేస్త్రి వైపు తిరిగి తలుపులు ఎప్పుడు బిగిస్తవు అని అడిగింది. ఆయన, "వచ్చే నెల పెడ్తనమ్మా" అని, మొహం పక్కకు తిప్పుకుని కండువాతో తుడుచుకున్నాడు. వాళ్లు మా ఇద్దరికీ అన్నం పెట్టారు. అంత రుచిగా నేను ఎప్పుడూ తినలేదు, అబద్ధం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను క్షమించమని అడిగాను. ఆయన నా సంచి వైపు చూశాడు. ఆ ముక్క మీ పిల్లలకు పనికొస్తదా మేడం అన్నాడు. ఆ సాయంత్రమే చీలిన రెండు సగాలనూ నునుపు చేసి, అడుగున పీట బిగించి ఇచ్చాడు.

మీకు తెలుసు, ల్యాబులో ప్రతి నమూనాకూ ఒక చీటీ ఉంటుంది. జీవి పేరు, వర్గం, దొరికిన చోటు, సేకరించినవారు. మా ల్యాబులో సీసాలన్నీ కంపెనీ నుంచి కొన్నవే కాబట్టి ఆ చివరి గడి ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆ చీటీ నేను నా మంచి దస్తూరిలో రాశాను. దొరికిన చోటు, కోదాడ. ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన ఎగ్జామినరు దాన్ని చదివి, సముద్రం కోదాడకు ఎప్పుడొచ్చింది మేడం అని పరాచికమాడారు. కూర్చోండి సార్, చెబుతానన్నాను.

నాకు బదిలీ అయినప్పుడు రెండో సగం నా వెంట మిర్యాలగూడ వచ్చింది. అక్కడ రిటైరయ్యేదాకా ఆ పాఠం రోజు బోర్డు మీద బొమ్మ వేయడానికి ముందు ముక్కను బెంచీల మీదుగా తిప్పేదాన్ని. పిల్లలు వేలు పెట్టి చూసేవాళ్లు. గీతలు వంకర పోయినా అర మార్కు కోయడం మానేశాను. మంచి టీచరునని నాకు పేరు వచ్చిందీ ఆ చివరి ఏళ్లలోనే. ఆ పేరు నేను సంపాదించింది కాదు, ఒక వడ్ల మేస్త్రి రంపం పెట్టి నాకు కోసి ఇచ్చింది. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట.

ఇందులో నేను ఎవరి పేరూ రాయలేదు. కొందరు లేరు, కొందరికి ఇష్టం ఉండదు. కానీ ఒకప్పుడు నేను ఒక పేరు చెడగొట్టాను కాబట్టి ఆ ఒక్క పేరు మీరు చదవాలని నా కోరిక. కోదాడ వెళితే ఆ ల్యాబులోకి వెళ్లండి. కిటికీ పక్క అరలో ఆ ముక్క ఉంటుంది. చెయ్యి పెట్టి చూడండి. తర్వాత చీటీలో ఆఖరి గడి చదవండి, సేకరించినవారు అన్న చోట. ఇంటిపేరుతో సహా రాశాను.